జడ్జిగారి వేళ్లు

మా ప్రెస్సులో తప్పు జరిగితే అది మెషీనుది. కాకపోతే కాగితానిది, అదీ కాకపోతే టైపు చేసినవాళ్లది. మా తమ్ముడి వేలిది మాత్రం కాదు. మేనేజరు దగ్గర్నుంచి గదులు ఊడ్చే మనిషి దాకా అందరిదీ ఇదే నమ్మకం. వాడి వేలు ఏం చెబితే అదే తీర్పు కాబట్టి వాణ్ణి అందరూ జడ్జిగారు అనేవారు. వాడు కూడా ఆ పిలుపు వినగానే భుజాలు వెనక్కి విరిచి, కోటు వేసుకున్నవాడిలా కూర్చునేవాడు. సరదా మనిషిలెండి, అప్పట్లో.

మాది చూపు లేనివాళ్లకి బ్రెయిలీ పుస్తకాలు వేసే ప్రెస్సు. సిరా ఉండదు. మందపాటి కాగితం మీద మెషీను చుక్కలు పొడుస్తుంది, వాటిని వేలితో తడిమి చదువుకోవాలి. మొదటి ప్రతి తప్పులు చూడ్డానికి మా గదికి వస్తుంది. కిటికీ పక్కన పొడుగు బల్ల, ఇటు నేను మామూలు పుస్తకం పట్టుకుని, అటు తమ్ముడు చేతుల కింద చుక్కల కాగితం పెట్టుకుని. నేను కామాలూ ఫుల్‌స్టాపులతో సహా పైకి చదువుతాను. వాడి చూపుడువేలు నా గొంతు వెంట జరుగుతూ వస్తుంది. అంతా కుదిరితే పేరా చివర "సరే" అంటాడు. తేడా ఉంటే "ఆగు" అంటాడు. ఈ రెండు మాటలతోనే మా ఇద్దరి ఉద్యోగం ఇన్నేళ్లు నడిచింది. నాకూ చుక్కలు వచ్చు గానీ కంటితో చూసి చెప్పడమే, కళ్లు మూసుకుని తడిమితే ఒక్క అక్షరం కూడా దొరకదు.

మా ఇంట్లో అలమరా అరల్లో పరిచేది కూడా ప్రెస్సులో పారేసే కాగితాలే. మంచినీళ్లు తాగడానికి వంటగదిలోకి వెళ్లి వాడు ఎంతకీ వచ్చేవాడు కాదు. చూస్తే గ్లాసు పక్కన పెట్టేసి, అర మీద కాగితం చదువుతూ నిలబడి ఉండేవాడు. ఏ కథలోదో మధ్య పేజీ అయితే ముందేం జరిగిందో, తర్వాతేం అవుతుందో నన్ను అడిగి చంపేవాడు. నా భర్త పోయాక మా ఇద్దరికీ మేమిద్దరమే. వాడికి చదువు తప్ప వేరే లోకం లేదు. వంట రాదు, పాట రాదు, నలుగురిలో కూర్చుంటే రెండు నిమిషాల్లో విసుగు. వేలి కింద నాలుగు చుక్కలుంటే చాలు, ఆకలి కూడా అడగడు.

ఆ చుక్కలు సరిగ్గా లేవట్లేదని వాడు అనడం మొదలుపెట్టినప్పుడు నేను మెషీనాయన మీదికి వెళ్లాను. మెషీనాయన పెద్దమనిషి, రిటైరవడానికి దగ్గర్లో ఉన్నాడు, ఆ మెషీన్ని కన్నకూతురిలా చూసుకుంటాడు. చుక్కలు బాగానే ఉన్నాయని అన్నాడు. వాడు జడ్జిగారు, నువ్వు మెషీను తిప్పేవాడివి, ఎవరి మాట వినాలో నాకు తెలుసని అన్నాను. నా నోరు అలాంటిది. ఆయన చిన్నబుచ్చుకుని ఒత్తిడి పెంచాడు. కొన్నాళ్లు బాగానే ఉందన్నాడు తమ్ముడు. మళ్లీ చుక్కలు పల్చబడ్డాయన్నాడు. మేనేజరు కాగితం మార్పించాడు. మెషీనాయన ఇంకాస్త ఒత్తిడి పెంచాడు. ఎవరూ ఒక్కసారైనా వాడి వేలి వంక చూడలేదు. చూడాలని ఎవరికి తోస్తుంది? గడియారం చూసి సూర్యుణ్ణి తప్పుబట్టినట్టుంది మా పని, కానీ అందరం కలిసి చేస్తున్నప్పుడు అది తప్పులా అనిపించదు.

వాడి ఒంట్లో మిగతావన్నీ మాత్రం నా కళ్ల ముందే మారాయి. కారం తగిలితే నాలుక మంట అన్నాడు. నాలుక చూస్తే ఎర్రగా, నున్నగా, గీకినట్టుంది. కాళ్లలో చీమలు పాకుతున్నాయన్నాడు. ఒకరోజు ఒక కాలి చెప్పు వీధి మలుపులో వదిలేసి, తెలియకుండా ప్రెస్సు దాకా నడిచొచ్చాడు. అందరం పడి పడి నవ్వాం, వాడూ నవ్వాడు. తర్వాత నడుస్తుంటే గోడ పట్టుకోవడం మొదలైంది. పుట్టి పెరిగిన ఇంట్లో గోడ పట్టుకునే గుడ్డివాణ్ణి నేనెక్కడా చూడలేదు. వీధి చివర డాక్టరు కళ్ల రెప్పలు లాగి చూసి, రక్తం తక్కువైందని, రక్తం పట్టడానికి ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాశాడు. కొన్ని వారాలు వేసుకున్నాక పరీక్ష చేయిస్తే రక్తం బ్రహ్మాండంగా ఉందన్నాడు. మొహంలో కళ కూడా వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. కాళ్ల సంగతి అడిగితే వయసు అన్నాడు. వాడికన్నా నేను పెద్దదాన్ని, నాకు లేని వయసు వాడికెలా వచ్చిందని గొణుక్కుంటూ ఇంటికొచ్చాను.

అదిగో, అప్పుడొచ్చింది ఆ ఆరోగ్యం పుస్తకం. చూపులేని పిల్లల బడులకి పాఠ్యపుస్తకం. విటమిన్లు, ఖనిజాలు, ఏది దేంట్లో దొరుకుతుంది, ఏది తగ్గితే ఒంట్లో ఏం కనబడుతుంది. అది మా గదిలో ఉన్నన్నాళ్లూ ప్రెస్సంతా వైద్యులే. ఇనుము తగ్గితే గోళ్లు చెంచాల్లా గుంటలు పడతాయని నేను చదివానో లేదో, భోజనాల దగ్గర అందరూ చేతులు చాచి గోళ్లు చూసుకున్నారు. అయోడిన్ పాఠం అయ్యాక ఊడ్చే మనిషి అద్దం ముందు నిలబడి మెడ తడుముకుంది. విటమిన్ సి గురించి విన్నాక మెషీనాయన చిగుళ్లలో రక్తం వస్తోందని రోజూ ఒక నారింజ తెచ్చుకుని, తొనలు అందరికీ పంచి, చివరికి తనకి ఒక్కటీ మిగుల్చుకోలేదు. మేనేజరు ఎండలో నిలబడి డి విటమిన్ తీసుకుంటున్నాననేవాడు, అది సిగరెట్టు కోసమని అందరికీ తెలుసు.

ఎ విటమిన్ పాఠం మాత్రం నేను నవ్వుతూ చదవలేకపోయాను. తమ్ముడు చూపు లేకుండా పుట్టలేదు. చిన్నప్పుడు చీకటి పడే వేళకి గుమ్మాలకీ బకెట్లకీ తగులుకునేవాడు. కళ్లు నెత్తికెక్కాయా అని అమ్మ వీపు మీద ఒకటి వేసేది. అంతలో తట్టు పోసింది. జ్వరం దిగేసరికి నల్లగుడ్ల మీద తెల్లటి పొర కమ్మేసింది, అంతే. పుస్తకంలో అదంతా వరసగా ఉంది. రేచీకటి ముందు గుర్తు. పాలు, గుడ్డులో పచ్చసొన, కాలేయం, ఆకుకూరలు, పసుపురంగు పండ్లు తింటే రాదు. ఆకుకూరలు మా పెరటి కంచె పొడుగునా పిచ్చిమొక్కల్లా మొలిచేవి. పీకి మేకలకి వేసేవాళ్లం. మేకల కళ్లు నిగనిగలాడేవి. అది గుర్తొచ్చి తర్వాతి వాక్యం గబగబా చదివేశాను.

"ఆగు. కామా మింగేశావు," అన్నాడు తమ్ముడు.

నేను మళ్లీ చదివాను. వాడు, అమ్మకి ఇవన్నీ ఎవరు చెప్పారు గనక, అమ్మని ఏమీ అనుకోకన్నాడు. చిన్నప్పుడు కళ్లు పోయాయి కాబట్టే వేళ్లు ఇంత చురుగ్గా వచ్చాయని, లేకపోతే తనూ మేనేజరులా ఎండలో నిలబడి పొగ తాగేవాణ్ణని అన్నాడు. వాడు అలాగే అంటాడు. నాకు నవ్వాల్సి వచ్చేది.

ఆ వారమే ఒక బడి నుంచి పుస్తకాల కట్ట వెనక్కి వచ్చింది. మెషీనాయన అందులోంచి ఒక పుస్తకం పట్టుకుని మా గది గుమ్మం దగ్గరికొచ్చి, నన్ను బయటికి రమ్మని సైగ చేశాడు. చుక్కలు మొనదేలి పిల్లల వేళ్లకి గుచ్చుకుంటున్నాయట. కొన్ని చోట్ల కాగితం చిల్లులు పడింది. అంతేకాదు, లోపల తప్పులు కూడా ఉన్నాయట, ఒక పేజీలో రెండు వాక్యాలే ఎగిరిపోయాయి. నేను ఎప్పటిలా మెషీను మీద పడబోయాను.

ఆయన కోప్పడలేదు. మెల్లగా, "అక్కగారూ, మెషీను చుక్కలు చిన్నవి చేస్తుంది, పెద్దవి చేస్తుంది. వాక్యాలు మింగదు కదా. అవి పోతే జడ్జిగారు ఆగు అనాలి. అనలేదు," అన్నాడు.

ఆయన చేతిలోంచి పుస్తకం తీసుకుని కాగితం తిప్పాను. చుక్కలు ముళ్లలా ఉన్నాయి. నా మొద్దు వేలికే గుచ్చుకుంటున్నాయి. ఇవి పల్చగా ఉన్నాయని వాడన్నాడు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక, వాడు చేతులు కడుక్కుని వచ్చేలోపల నేను బల్ల మీద కాగితాలు మార్చేశాను. ఆరోగ్యం పుస్తకం తీసేసి, లెక్కల పుస్తకంలోంచి ఎక్కాల పేజీలు పెట్టాను. దేవుడా, ఆగు అనాలి, నన్ను తిట్టాలి, ఇదేం వేళాకోళం అనాలి అని మొక్కుకున్నాను. వాడు వచ్చి, గోడ తడుముకుంటూ కూర్చుని, వేలు మొదటి వరస మీద పెట్టాడు. చివరి పాఠం మిగిలింది, బి పన్నెండు. చదవడం మొదలుపెట్టాను.

మాంసం, కాలేయం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగు. ఇవి దీని వనరులు. వాడి వేలు ఎక్కాల మీద నా గొంతుతో సమానంగా, తడబడకుండా జరిగింది. పేరా అయింది.

"సరే," అన్నాడు.

తల మీద ఎవరో మొట్టినట్టయింది. ఆపేద్దామనుకున్నాను. ఆపితే ఏం చెప్పాలో తెలియక చదువుతూ పోయాను. రెండో పేరాకి కూడా సరే అన్నాడు. మూడో పేరాలో గుర్తులున్నాయి. నీరసం. ఎర్రబడి నున్నగా అయిపోయే నాలుక. కాళ్లలో, చేతుల్లో చీమలు పాకినట్టు తిమ్మిరి. నడకలో తూలుడు. వేళ్ల కొసల్లో స్పర్శ తగ్గిపోవడం. ఆ మాట దగ్గర వేలు ఆగింది.

"ఆగు," అన్నాడు. నాకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది, ఎక్కాలు దొరికాయనుకున్నాను. "ఇప్పుడు చదివింది మళ్లీ చదువక్కా."

మళ్లీ చదివాను. ఈసారి కామాలు కూడా చదవలేదు. వాడు రెండు చేతులూ ఒళ్లోకి తీసుకున్నాడు. బయట మెషీను ఆగకుండా కొడుతోంది.

"నా చేతి కింద ఏముంది?"

"ఎక్కాలు," అన్నాను.

వాడు తల ఊపాడు, ఏదో చిన్న సంగతి విన్నట్టు. అప్పుడు చెప్పాడు. మొదట్లో నిజంగానే మెషీను అనుకున్నాడట. తర్వాత కాదని తెలిసింది. తెలిశాక చెప్పడానికి భయమేసింది. నా గొంతు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటానో వాడికి చిన్నప్పట్నుంచీ తెలుసు, దాని వెంటే వేలు జరుపుతూ వచ్చాడు. ఆ రోజు కామా కూడా చెవితో పట్టుకున్నదే.

"నువ్వు తప్పు చదవవు కదక్కా. అందుకే సరే అన్నాను," అన్నాడు.

తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఒరేయ్, ముందే ఒక్క మాట చెప్పి ఉంటే అని. వాడి మొహం చూశాక తిట్టలేకపోయాను. దొంగతనం చేసి దొరికిపోయినవాడి మొహం కాదది. ఇంట్లో ఆఖరి దీపం ఆరుతుంటే చేతులు అడ్డం పెట్టుకున్నవాడి మొహం. ఇద్దరం ఆ బల్లకి అటూ ఇటూ కూర్చుని ఏడ్చాం. వాడి కళ్లకి ఆ పని మాత్రం ఇంకా వచ్చు.

పెద్దాసుపత్రిలో నరాల డాక్టరమ్మ సన్నటి దూది పోగుతో వాడి వేళ్లు తాకి, తాకినప్పుడల్లా చెప్పమంది. వాడు చెప్పలేదు. ఎప్పుడైనా కడుపుకి ఆపరేషన్ అయిందా అని అడిగింది. అయింది, చాలా ఏళ్ల కింద, పుండు పడిందని కడుపులో చాలా భాగం తీసేశారు. ఆ తర్వాత బి పన్నెండు ఇంజెక్షన్లు వేయించుకోమని ఎవరైనా చెప్పారా అంది. ఎవరూ చెప్పలేదు. కారం తగ్గించమన్నారు, వేళకి తినమన్నారు. ఇద్దరం తు.చ. తప్పకుండా పాటించాం. ఎన్ని గుడ్లు పెట్టాను వాడికి, ఎన్ని గ్లాసుల పాలు పోశాను, గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను. ఆ తిండిలోంచి ఆ విటమిన్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఊరాల్సింది ఒకటుందట. ఆ భాగమే వాడికి లేదు. వాడు గుడ్లు తింటూ తింటూనే ఎండిపోయాడు.

"మరి రక్తం బాగుందన్నారు కదమ్మా," అన్నాను.

"ఆ మాత్రలు రక్తాన్ని బాగుచేశాయి. నరాలు మాత్రం లోపల పాడవుతూనే ఉన్నాయి. రక్తం అలాగే తక్కువగా ఉండి ఉంటే ముందే అనుమానం వచ్చేది," అందామె. నా మొహం చూసి గొంతు తగ్గించింది. "ఇంజెక్షన్లు మొదలుపెడదాం. ఇంకా పాడవకుండా ఆగుతుంది. పోయింది ఎంత వెనక్కొస్తుందో నేను మాటివ్వలేను."

ఇంజెక్షన్లు పని చేయలేదని అనను. నాలుక మానింది. కారం తింటున్నాడు. గోడ వదిలి నడుస్తున్నాడు. కాలికి చెప్పు ఉందో లేదో తెలుస్తోంది. ఇంజెక్షన్ వేయించుకున్న ప్రతిసారీ ఇంటికొచ్చి, నేను చూడట్లేదనుకుని, అలమరా అర మీద వేలు పెట్టి నిలబడేవాడు. కాసేపటికి నీళ్లు తాగి వచ్చేసేవాడు. ముందేం జరిగిందని అడిగేవాడు కాదు. నెలలు గడిచాక డాక్టరమ్మ మళ్లీ దూది పోగుతో తాకింది. తర్వాత నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. తల ఊపడం వాడికి కనబడదు. కానీ ఆమె గదిలో ఎంతసేపు ఎవరూ మాట్లాడలేదో వాడు విన్నాడు.

బయటికొచ్చాక మెట్ల మీద నిలబడి, "మొదటిసారి కళ్లు పోయినప్పుడు చిన్నవాణ్ణి, ఏం పోయిందో తెలీలేదు. ఇప్పుడు తెలుస్తోందక్కా," అన్నాడు. చేయి పట్టుకున్నాను. పట్టుకున్నట్టు వాడికి తెలిసేలా గట్టిగా పట్టుకున్నాను.

ప్రెస్సులో ఎవరూ చెడ్డగా లేరు. అదే ఇంకా కష్టం. మెషీనాయన ఒత్తిడి మామూలుకి తెచ్చి, నాకు ఎదురుపడినప్పుడల్లా తనే తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. నేనే వెళ్లి నోరు జారానని, మనసులో పెట్టుకోవద్దని చెప్పాను. మేనేజరు తమ్ముడికి కట్టలు కట్టే గదిలో పని ఇచ్చాడు. తాడు ఎంత బిగించాలో తెలియక వాడు వేళ్లు కోసుకునేవాడు, కోసుకున్న సంగతి నేను చూసి చెప్పాలి. కొన్నాళ్లకి తనే మానేశాడు. జడ్జిగారు అని పిలవడం ఎవరికి వారే ఆపేశారు. మా గదికి ఒక కొత్తమ్మాయి వచ్చింది. మంచి పిల్ల, చురుకైన వేళ్లు. ఆమె ఆగండి అన్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇంట్లో నేను చదివి వినిపిస్తానంటాను. కాసేపు వింటాడు. చదవడం వేరు, వినడం వేరు అంటాడు. నా గొంతులో వింటే అది నేను చదివిన పుస్తకం, తను చదివింది కాదట. పోట్లాడదామంటే ఏమని పోట్లాడను, నిజమే కదా.

మొన్న ఆదివారం పొద్దున బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి వంటగదిలో ఉన్నాడు. అలమరా అరలోంచి కాగితం లాగి, కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని, దాన్ని మొహానికి ఆనించుకుని ఉన్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. దగ్గరికెళితే తెలిసింది, కింది పెదవితో చదువుతున్నాడు. పెదవి మెల్లగా చుక్కల మీద జరుపుతున్నాడు, మధ్యమధ్య నాలుక కొస తగిలిస్తున్నాడు. వేళ్లు పోయినవాళ్లు అలా చదువుకుంటారని ఎప్పుడో ఎక్కడో విన్నాడట. నా అడుగుల చప్పుడు విని తలెత్తాడు. మొహంలో ఎన్నాళ్లుగానో చూడని వెలుగు.

"అక్కా, దొరికింది. మొదటి మాట 'అప్పుడు' కదా? ఏదో కథలోదిది. చూసి చెప్పు."

నేను వంగి చూశాను. అది కథ కాదు. ఎక్కాల పేజీ. ఆ రోజు వాడి చేతుల కింద పెట్టిందే, చెడిపోయిన కాగితాలతో పాటు నేనే ఇంటికి తెచ్చి అరలో పరిచాను. వాడి పెదవి తగిలిన చోటల్లా కాగితం తడిసి మెత్తబడింది. మందపాటి కాగితమే, కానీ తడికి చుక్కలు అణిగిపోతాయి. మొదటి వరసలో సగం నున్నగా అయిపోయింది. అక్కడిక ఎవరి వేలికీ ఏమీ దొరకదు, ఆ కొత్తమ్మాయి వేలికైనా సరే.

వాడు నా గొంతు కోసం చెవి ఇటు తిప్పి కూర్చున్నాడు. నేను తప్పు చదవనని వాడికి నమ్మకం.

"సరే," అన్నాను.

తమ్ముడు పెదవి తుడుచుకుని, కాగితాన్ని మళ్లీ ఎత్తి, పక్క మాట మీదికి జరిగాడు.